ఢావ్లో అంటే ఏడుపు కాదు: గ్రౌండెడ్ థియరీ, మన తాండాలు

కొన్నేళ్ల కింద నేనొక పరిశోధకుడికి దుబాసీగా పనిచేశాను. ఆయనది హైదరాబాదు. ఆయన తీసుకున్న విషయం మన తాండాల నుంచి వలసపోయే ఆడవాళ్ల బతుకు. ఆయనకు గోర్‌బోలి రాదు. నాది సూర్యాపేట పక్క తాండా. కోదాడలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. మా మేనత్తలను ఇచ్చింది మిర్యాలగూడ వైపు. మూడు పక్కలా చుట్టాలున్నవాణ్ణని నన్ను వెంటబెట్టుకున్నాడు. ఆయన తెలుగులో అడిగేవాడు, నేను గోర్‌బోలిలో చెప్పేవాణ్ణి. ఆడవాళ్లు జవాబిస్తే దాన్ని తెలుగు చేసేవాణ్ణి. రాత్రి ఆయన దాన్నంతా ఇంగ్లీషులో ఎక్కించుకునేవాడు.

చివ్వెంల వైపు ఒక తాండాలో ఒక యాడి, మిర్చి ఏరడానికి కృష్ణ అవతలికి పోయిన రోజు గురించి చెప్పింది. ముఠా బండి ఎక్కేటప్పుడు ఢావ్లో పాడిన అన్నది. నేను "ఏడ్చుకుంట బండెక్కిందట సార్" అన్నాను. కొన్ని నెలలకు ఆయన తన పట్టికలు తెచ్చి చూపించాడు. ఆ వాక్యం పక్కన "మానసిక వేదన" అని ఉంది. అదే ఆయన మొదటి కోడ్. అలాంటివి ఇంకొన్ని కలిపి "వలస వల్ల కుంగుబాటు" అని ఒక అధ్యాయమే చేశాడు.

ఆయన తప్పు తర్వాత మాట్లాడుకుందాం. మొదటి తప్పు నాది. ఢావ్లో అంటే ఏడుపు కాదని నాకు తెలుసు. మన పెళ్లిలో పిల్ల అత్తారింటికి బయలుదేరేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకొని రాగం తీసి పాడేది ఢావ్లో. అమ్మను, నాయనను, అన్నదమ్ములను, ఇంటిని, గొడ్డూగోదను పేరు పెట్టి పిలిచి చెప్పుకుంటుంది. ఒకప్పుడు పెద్దవాళ్లు పిల్లలకు దాన్ని కూర్చోబెట్టి నేర్పేవాళ్లు. నేర్చుకొని పాడేదాన్ని ఏడుపని ఎట్లా అంటాం? అయినా ఆ రోజు నేను అట్లాగే అన్నాను. పట్నం మనిషి ముందు అదంతా విప్పి చెప్పడం నాకు చిన్నతనంగా అనిపించింది. ఆ చిన్నతనం ఒక అధ్యాయంలో అచ్చయింది.

ఆ పరిశోధకుడు తాను వాడుతున్నది గ్రౌండెడ్ థియరీ అని చెప్పేవాడు. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలు కూడా చాలామంది తమ సిద్ధాంత గ్రంథాల్లో ఆ మాట రాస్తున్నారు. కాబట్టి ఆ పద్ధతి ఏమిటో, అందులో మనకు పనికొచ్చేది ఏమిటో, మనల్ని ముంచేది ఏమిటో చూసుకోవలసిన అవసరం ఉంది.

పద్ధతి ఏం అడుగుతుంది

1960లలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రుల్లో బార్నీ గ్లేజర్, ఆన్‌సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు చావుకు దగ్గరైన రోగుల మధ్య, వాళ్లను చూసే నర్సులు, డాక్టర్ల మధ్య గడిపారు. రోగికి తాను చనిపోతున్నానని తెలుసా, తెలిసినా తెలియనట్టు ఉంటున్నాడా, డాక్టరూ రోగీ ఇద్దరూ నటిస్తున్నారా అన్నది గమనించారు. ఎవరికి ఎంత తెలుసు అన్నదాన్ని బట్టి ఆ గదిలో మాటలు, మౌనాలు ఎట్లా మారుతాయో చెప్పే పుస్తకం 1965లో తెచ్చారు. ఆ పని చేసిన తీరును వివరిస్తూ 1967లో "ది డిస్కవరీ ఆఫ్ గ్రౌండెడ్ థియరీ" రాశారు.

అప్పటికి అక్కడి సామాజిక శాస్త్రంలో పెద్ద సిద్ధాంతాలు కొందరు పెద్దలు చెప్పేవాళ్లు. మిగిలినవాళ్లు ప్రశ్నాపత్రాలు పట్టుకొని అవి నిజమా కాదా అని లెక్కలు కట్టేవాళ్లు. ఈ ఇద్దరూ దాన్ని తిరగేశారు. సిద్ధాంతాన్ని పైనుంచి తెచ్చి జనం మీద పరీక్షించవద్దు, జనం చెప్పిన దానిలోంచే దాన్ని కట్టుకుంటూ రావాలి అన్నారు.

పని ఇట్లా సాగుతుంది. ఒక మనిషి చెప్పినదాన్ని వాక్యం వాక్యంగా చదివి, అక్కడ ఏం జరుగుతున్నదో దానికొక పేరు పెట్టాలి. దాన్నే కోడింగ్ అంటారు. ఇంకో మనిషి చెప్పినదాన్ని దీని పక్కన పెట్టి పోల్చాలి. ఆ పోలిక చివరిదాకా ఆగదు. పోల్చేటప్పుడు తోచింది తోచినట్టు నోటు రాసిపెట్టుకోవాలి. తర్వాత ఎవరిని కలవాలన్నది ముందే చేసుకున్న జాబితా చెప్పదు, ఇప్పటిదాకా తేలిన విషయం చెప్తుంది. ఎంతమందిని అడిగినా ఆ విషయంలో కొత్త సంగతి రావడం లేదనిపించినప్పుడు ఆగాలి.

ఇది చదివినప్పుడు మన నసాబ్ గుర్తొస్తుంది. తాండాలో తగాదా వస్తే నాయక్, కార్‌భారి, పెద్దమనుషులు కూర్చుంటారు. ఒకరి మాట విని, ఇంకొకరి మాట దాని పక్కన పెట్టి, తేడా వచ్చిన చోట మూడో మనిషిని పిలిపిస్తారు. తీర్పు ముందే అనుకొని కూర్చున్న నాయక్‌ను ఎవరూ మెచ్చరు. ఇంతవరకు ఈ పద్ధతి మనకు పరాయిది కాదు.

పోల్చి ఉంటే ఏం తేలేది

నా తప్పు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారాలు మళ్లీ ఆ తాండాలకు పోయాను, ఈసారి ఒక్కణ్ణే. రికార్డరు పెట్టి గోర్‌బోలిలోనే మాట్లాడి, గోర్‌బోలిని తెలుగు లిపిలో రాసుకున్నాను. నేను పరిశోధకుణ్ణి కాను. ఆ పద్ధతి చెప్పిన పోలికను మాత్రం పట్టుకున్నాను.

మిర్యాలగూడ వైపు మా మేనత్త కోడళ్లు రైసు మిల్లులకు పోయేవాళ్లు, నాట్ల కాలంలో సాగర్ ఎడమ కాలువ కింది పొలాలకు పోయేవాళ్లు. పొద్దున పోయి మాపటికి వస్తారు. వాళ్ల మాటల్లో ఢావ్లో రాలేదు. కష్టం లేదని కాదు. నడుముల నొప్పి, దుమ్ము, కూలీ ఎగ్గొట్టడం అన్నీ చెప్పారు. ఢావ్లో మాత్రం అనలేదు. సూర్యాపేట వైపు మెట్ట తాండాల నుంచి వారాల తరబడి పోయేవాళ్లు ఆ మాట అన్నారు. అంటే దూరమా కారణం?

కాదని కోదాడ వైపు తేలింది. అక్కడి ఒక విధవరాలు కూడా కృష్ణ దాటి అంతే దూరం పోయింది, అన్ని రోజులే ఉంది. నీవు ఢావ్లో పాడినవా అని అడిగితే నవ్వింది. "నా అన్న ముఠాలనే పోయిన. పైసలు ముందు తీసుకోలె. అన్న ఎంబడి పోతే ఢావ్లో ఎందుకు?" అన్నది. ఆ నవ్వుతో నాకు దారి దొరికింది. మళ్లీ చివ్వెంల యాడి దగ్గరికి పోయి, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లను, తీసుకోనివాళ్లను వేరువేరుగా అడిగాను. ఢావ్లో మాట అడ్వాన్సు తీసుకున్నవాళ్ల నోటనే వచ్చింది.

అప్పుడు ఆ యాడి చెప్పినదంతా వేరే తీరుగా వినబడింది. అక్కడ బియ్యం ఎవరి చేతిలో ఉంటాయి, మధ్యలో ఇంటికి పంపేది ఎవరు, హోళీకి తాండాకు వస్తామంటే ఎవరిని అడగాలి, జ్వరం వస్తే పడుకోనిచ్చేది ఎవరు, ఇవే ఆమె చెప్పింది. కొత్త కోడలు అత్తారింట్లో లెక్కపెట్టుకునేవి ఇవే. అడ్వాన్సు తీసుకొని పోవడం ఆమె లెక్కలో ఒక ఇంటి అధికారం కిందికి పోవడం. అందుకే బండి ఎక్కేటప్పుడు ఢావ్లో వచ్చింది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఢావ్లోలో ఏం పాడినవని అడిగితే చెప్పింది. తోటికోడలి పేరు పెట్టి పిల్లల్ని చూసుకొమ్మన్నది. మరిది పేరు పెట్టి మేకను చూసుకొమ్మన్నది. తాండా అంతా వింటుండగా ఎవరి పేరు పలికితే వాళ్లకు బాధ్యత పడుతుంది. తిరిగొచ్చినాక మేక ఏదని అడిగే హక్కు ఆమెకు ఉంటుంది. కాగితం లేని చోట అది ఒప్పగింత పత్రం.

నేను దీన్ని "అత్తారింటి వలస" అని రాసుకున్నాను. ఇది పెద్ద సిద్ధాంతం అని నేను చెప్పడం లేదు. ఒక చిన్న మాటను పారేయకుండా పోల్చుకుంటూ పోతే ఎక్కడిదాకా తీసుకుపోతుందో చెప్తున్నాను.

తేడా మాటల్లో మాత్రమే లేదు. "మానసిక వేదన" అని రాస్తే నివేదిక చివర ధైర్యం చెప్పే శిబిరాలు పెట్టాలని సిఫారసు వస్తుంది. "అత్తారింటి వలస" అని రాస్తే మేస్త్రీ అడ్వాన్సుకు లెక్క పుస్తకం ఉందా, పోయిన చోట రేషన్ ఎవరి చేతిలో ఉంది, వెనక ఉన్న పిల్లలకు హాస్టల్ ఉందా అన్న ప్రశ్నలు వస్తాయి. మేస్త్రీల ద్వారా రాష్ట్రం దాటిపోయే కూలీల కోసం 1979లోనే కేంద్ర చట్టం వచ్చింది. 2014 జూన్ 2 దాకా కోదాడ నుంచి గుంటూరు వైపు పోతే జిల్లా దాటినట్టు, ఆ తర్వాత రాష్ట్రం దాటినట్టు. ఆ ఆడవాళ్లకు దీనివల్ల ఏం మారింది, ఏం మారలేదు అని అడగాలంటే ముందు మేస్త్రీ, అడ్వాన్సు అనే మాటలు పట్టికలో ఉండాలి. వేదన అనే మాట దగ్గర ఆ ప్రశ్న పుట్టదు.

తాండాకు వస్తే చాలదు

క్షేత్రానికి పోతే నిజం దొరుకుతుందని ఈ పద్ధతిని పొగిడేవాళ్లు అంటారు. మన అనుభవం అట్లా లేదు. మన దగ్గరికి రానివాళ్లు ఎవరు? 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ "కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా"లో లంబాడీల మీద వివరాలు బోలెడు ఉన్నాయి. ఆయన మనుషుల తలలకు, ముక్కులకు కొలతలు కూడా తీయించాడు. 1871 నేరస్థ తెగల చట్టం కింద జాబితాలు రాసిన అధికారులకు కూడా తాండాలు తెలుసు, దారులు తెలుసు, పేర్లు తెలుసు. ఆ జాబితాల్లో చాలా చోట్ల బంజారాలు, లంబాడీలు ఎక్కారు. 1952లో ఆ చట్టం రద్దయిందాకా దిగలేదు. సమాచారానికి కొరత లేదు. "దొంగ" అనే కోడ్ మాత్రం వాళ్లు రాకముందే తయారైంది. దానికి సరిపడేది ఏరుకున్నారు, మిగిలింది తాలు కాయల్లాగ పక్కన పోశారు.

ఇది పాత సంగతి అనుకోవద్దు. 1999లోనూ 2001లోనూ మన పాత నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తాండాల ఆడపిల్లలు దత్తత సంస్థలకు చేరిన సంగతి దేశమంతా పత్రికల్లో వచ్చింది. జరిగింది దారుణం. దాన్ని కప్పిపుచ్చవలసిన పని లేదు. కానీ దానికి "ఆడపిల్లల అమ్మకం" అని ఒక్క పేరు పెట్టేసరికి కథ అక్కడ ఆగిపోయింది. తల్లిదండ్రులు అమ్మేవాళ్లు అయ్యారు, తాండా సంత అయింది. ఆ తర్వాత ఎక్కడ లంబాడీ అని చెప్పుకున్నా ఆ ప్రశ్న మన పిల్లలకు ఎదురైంది.

గీతా రామస్వామి, భంగ్యా భూక్యా 2002లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం అక్కడ ఆగలేదు. మన పెళ్లిళ్లలో పిల్లకు డబ్బిచ్చి తెచ్చుకునే ఆచారం పోయి కట్నం రావడం, బతుకుదెరువు మారిపోవడం, ఆడదాని స్థానం పడిపోవడం, వీటి మధ్య సంబంధాన్ని వెతికింది. వాళ్లు గ్రౌండెడ్ థియరీ వాడారని నేను అనడం లేదు. ఒక పేరు దగ్గర ఆగకుండా, ఆ పేరు వెనక ఏం మారిందని అడగడమే వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది.

పద్ధతిలోని లోపాలు

గ్లేజర్, స్ట్రాస్ ఇద్దరూ కూడా తర్వాత విడిపోయారు. స్ట్రాస్ 1990లో జూలియెట్ కార్బిన్‌తో కలిసి, కోడింగ్ ఎట్లా చేయాలో మెట్లు మెట్లుగా చెప్పే పుస్తకం రాశాడు. గ్లేజర్ 1992లో దానికి గట్టి జవాబు రాశాడు. సమాచారంలోంచి పుట్టనివ్వడం వేరు, దాని మీద రుద్దడం వేరు అన్నది ఆయన వాదన. ఆ తర్వాత క్యాథీ చార్మాజ్ 2006లో ఇంకో మాట చెప్పింది. సిద్ధాంతం నేలలో దాగి ఉండి దొరికేది కాదు, పరిశోధించేవాళ్లూ మాట్లాడేవాళ్లూ కలిసి కట్టేది అన్నది. నాకు చార్మాజ్ మాట సరిగా అనిపిస్తుంది. నా "ఏడ్చుకుంట బండెక్కింది" కూడా నేను కట్టిందే కదా.

అయినా ఈ ముగ్గురు చెప్పిన దాంట్లోనూ మనకు సరిపోనివి మూడు ఉన్నాయి.

ఒకటి, భాష. కోడింగ్ మొదటి మెట్టు అని పుస్తకాలు అంటాయి. మన విషయంలో అది మూడో మెట్టు. గోర్‌బోలి నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు వచ్చాక కోడింగ్ మొదలవుతుంది. రెండు జల్లెళ్లు పట్టాక మిగిలిన దాన్ని నేల అంటున్నారు. గోర్‌బోలికి సొంత లిపి లేదన్నది సాకు కాదు. తెలుగు లిపిలో రాసుకోవచ్చు, మన కవులు, పాటగాళ్లు రాసుకుంటున్నారు.

రెండు, ఆగడం. కొత్త సంగతి రావడం లేదు, ఇక చాలు అని ఎవరు చెప్పాలి? మా పరిశోధకుడు ఆగింది మాటలు అయిపోయి కాదు, సెలవులు అయిపోయి. కోదాడ విధవరాలిని ఆయన కలవనే లేదు. ఆమె ఒక్కతే ఆ అధ్యాయాన్ని తిరగరాయించేది.

మూడు, నోటిమాట మీదనే ఆధారపడడం. ఇప్పుడు చాలామంది ఇంటర్వ్యూలు చేసి అదే గ్రౌండెడ్ థియరీ అనుకుంటున్నారు. తాండాలో మనిషి తన కష్టం చెప్తాడు, ఆ కష్టం ఏ కాగితంలో మొదలైందో చెప్పలేకపోవచ్చు. తెలంగాణ లంబాడీలు 1976 చట్ట సవరణతో గానీ షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరలేదు. అంతకుముందు చేజారిన భూమి, చదువు, ఉద్యోగం ఏ ఇంటర్వ్యూలోనూ ఆ పేరుతో వినిపించవు. భంగ్యా భూక్యా 2010లో తెచ్చిన "సబ్జుగేటెడ్ నోమాడ్స్" నిజాం పాలనలో లంబాడీల చరిత్రను రాసింది. మాటల పక్కన అటువంటి చరిత్రను కూడా పెట్టి పోల్చాలి. పోలిక అన్నది పద్ధతి పేరులోనే కాదు, పనిలో కూడా ఉండాలి.

మన సంగతి

బయటివాళ్లను విమర్శించడం సులువు. మన రచయితల సమావేశాల్లో చదివే విమర్శ వ్యాసాలను ఒకసారి గుర్తు చేసుకోండి. కథ చదవకముందే "అస్తిత్వం", "అణచివేత", "దోపిడీ" అని ముందే కుట్టిన చొక్కాలు మన దగ్గర సిద్ధంగా ఉంటాయి. కథలోని మనిషికి అది పట్టకపోతే మనిషినే కత్తిరిస్తాం. కథలో ఒక ముసలమ్మ హోళీ రోజు మనవడి ధూండ్ గురించి రెండు పేజీలు మాట్లాడితే, అది సంస్కృతి అని ఒక్క మాటలో చుట్టేసి, భూమి పోయిన పేజీ దగ్గరికి పరుగెత్తుతాం. ఆ ధూండ్‌కు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, రానివాళ్లు ఎక్కడి పనిలో చిక్కుకున్నారు అన్నచోటే భూమి పోయిన సంగతి ఉండి ఉండవచ్చు. అణచివేత ఉంది, దోపిడీ ఉంది. వాటిని వదలమని నేను అనడం లేదు. అవి మనం చెప్పే మొదటి మాట కాకూడదు, పోల్చుకుంటూ వచ్చి చేరే మాట కావాలి. అప్పుడు ఆ మాటకు బలం ఉంటుంది, ఎదుటివాడు కాదనలేడు.

సొంతవాళ్లం కాబట్టి మనకు అన్నీ తెలుసు అన్న ధీమా కూడా పనికిరాదు. ఆ రోజు తప్పు చెప్పింది పరాయివాడు కాదు, గోర్ బిడ్డనైన నేను. చదువుకున్నవాడికి తాండా మాట తెలియకపోవడం ఒక ప్రమాదం. తెలిసీ సిగ్గుపడడం అంతకన్నా పెద్దది.

కాబట్టి పరిశోధన చేస్తున్న మన పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఆ పద్ధతి నేర్చుకోండి, అది వినడం నేర్పుతుంది. మొదటి కోడ్ గోర్‌బోలిలోనే రాయండి. తెలుగులోకి రాని మాట దొరికితే సంతోషించండి, దాన్ని అట్లాగే ఉంచి దాని చుట్టూ వివరణ రాయండి. మీరు కట్టిన మాటను తీసుకుపోయి, చెప్పినవాళ్ల ముందే గోర్‌బోలిలో చదివి వినిపించండి. గైడు సంతకం కంటే ముందు అది జరగాలి.

"అత్తారింటి వలస" గురించి నేను రాసుకున్నది చివ్వెంల యాడికి చదివి వినిపించాను. అంతా విన్నది. కాసేపు ఊరుకొని, "అత్తారింటికి పోతే పుట్టింటోళ్లు చూడనీకి వస్తరు గద బిడ్డా. మిర్చి చేన్లకు ఎవరొచ్చిన్రు?" అన్నది.

నా పేరు కూడా చాలలేదన్నమాట. ఆ రాత్రి ఆమె మాటను నోటుపుస్తకంలో మొదటి వరుసలో గోర్‌బోలిలో రాసుకున్నాను. దాని కింద పేజీ ఇంకా ఖాళీగా ఉంది.